యూనియన్ ఉండగా ఆడవాళ్లకు వేరే సంఘం ఎందుకు: ఒంగోలు చెల్లెలి ప్రశ్నకు నా సమాధానం

ఒంగోలులో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా, అంటే నెలజీతం లేని విలేకరిగా, చేస్తున్న అమ్మాయి అడిగింది: "అక్కా, జిల్లాలో మేం తొమ్మిది మందిమి ఉన్నాం. మహిళా జర్నలిస్టుల సంఘం ఒకటి పెట్టుకుందామనుకుంటున్నాం. యూనియన్ ఉండగా మళ్లీ వేరుకుంపటి దేనికి అని సీనియర్లు అంటున్నారు. అసలు ఇట్టాంటి సంఘాలు ఎక్కడ మొదలయ్యాయి? ఢిల్లీ, బొంబాయిల్లో సరే, మన మండలాల్లో తిరిగేవాళ్లకు అవి పనికొస్తాయా?"

పెట్టుకోండమ్మా. నేను 1992లో కావలి నుంచి వార్తలు రాయడం మొదలుపెట్టి, నెల్లూరులో డెస్కూ, రిపోర్టింగూ రెండూ చేసి ముప్పై ఏళ్ల తర్వాత బయటికొచ్చాను. మధ్యలో మేమూ ఒక సంఘం లాంటిది నడిపాం. అది ఎట్టా నిలబడిందో, ఎందుకు చెదిరిందో కూడా చెబుతాను. ముందు చరిత్ర చెబుతాను, మీ సీనియర్లకు జవాబు అందులోనే ఉంది.

వేరుకుంపటి అనే మాట మనకు కొత్త గానీ, ప్రపంచంలో ఈ మాటకు నూరేళ్లు దాటాయి. వాషింగ్టన్‌లో 1908లో నేషనల్ ప్రెస్ క్లబ్ పెట్టారు. దేశదేశాల నాయకులు వచ్చి మాట్లాడే చోటు అది. ఆడవాళ్లకు సభ్యత్వం లేదు. వార్త పుట్టే గదిలోకే రానివ్వకపోతే విలేకరి ఏం రాస్తుంది? అందుకని 1919లో అక్కడి ఆడవాళ్లు విమెన్స్ నేషనల్ ప్రెస్ క్లబ్ అని తమది తాము పెట్టుకున్నారు. అంటే ముందు వేరు చేసింది ఎవరో చూడండి. తలుపు వేసిందొకరు, వేరుకుంపటి నింద ఇంకొకరికి.

ఆ తలుపు తెరుచుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో వింటే మీకు మనసు కష్టమవుతుంది. 1955లో దయతలిచి బాల్కనీలోకి రానిచ్చారు. కింద మగ విలేకరులు భోజనం చేస్తూ ప్రసంగం వింటుంటే, పైన ఆడవాళ్లు నిలబడి రాసుకోవాలి. భోజనం లేదు, ప్రశ్న అడిగే హక్కూ లేదు. 1959లో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ వచ్చినప్పుడు మొదటిసారి కింద హాల్లో కూర్చోనిచ్చారు. సభ్యత్వం ఇచ్చింది 1971లో. ఈలోపు ఆడవాళ్ల క్లబ్బే తన తలుపులు మగవాళ్లకు తెరిచి, వాషింగ్టన్ ప్రెస్ క్లబ్ అని పేరు మార్చుకుంది. 1985లో రెండూ ఒకటయ్యాయి. వేరుగా పెట్టుకున్నవాళ్లు వేరుగానే ఉండిపోవాలని కోరుకోలేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకొక ముచ్చట కూడా నాకు చాలా ఇష్టం. 1933 మార్చి 6న అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆడ విలేకరులకు మాత్రమే ప్రెస్‌మీట్ పెట్టింది. ఆర్థిక మాంద్యం రోజులు, పత్రికల్లో ఉద్యోగాలు ఊడుతున్నాయి. ఆ ప్రెస్‌మీట్‌కు మగవాళ్లకు ప్రవేశం లేదు కాబట్టి, ఆ వార్త కావాలంటే పత్రిక ఒక ఆడ విలేకరిని ఉంచుకోక తప్పదు. ఒక్క మీటింగు ఎన్ని ఉద్యోగాలను నిలబెట్టిందో ఆలోచించండి. సంఘం అంటే ఉపన్యాసం కాదు, ఇట్టాంటి ఉపాయం.

మన దేశానికి వస్తే, మీ ప్రశ్నకు దగ్గరగా ఉండేది బొంబాయి కథ. 1980ల్లో అక్కడి మహిళా జర్నలిస్టులు కూడబలుక్కున్నది యూనియన్‌కు బయట మాత్రమే కాదు. బొంబాయి యూనియన్ ఆఫ్ జర్నలిస్ట్స్ లోపలే విమెన్ అండ్ మీడియా కమిటీ ఉండేది. 1987 సెప్టెంబర్ 4న రాజస్థాన్‌లోని దేవరాలాలో 18 ఏళ్ల రూప్ కన్వర్‌ను భర్త చితి మీద సతి పేరుతో దహనం చేశారు. పత్రికల్లో కొన్ని దాన్ని సంప్రదాయమన్నాయి, కొన్ని మహిమ అన్నట్టుగానే రాశాయి. అప్పుడు ఈ కమిటీ నుంచి ఒక బృందం దేవరాలాకు వెళ్లి, ఊళ్లో మనుషులతో మాట్లాడి, జరిగిందాన్నీ, పత్రికలు దాన్ని రాసిన తీరునీ కలిపి ఒక నివేదిక తెచ్చింది. తోటి పత్రికల రాతను పత్రికలవాళ్లే తప్పు పట్టడమంటే మాటలు కాదు. ఒక్కో విలేకరి ఒంటరిగా తన ఎడిటర్‌ను అడిగి ఉంటే ఆ ప్రయాణం జరిగేది కాదు. కాబట్టి యూనియన్‌లో ఉంటూ కూడా మీ కమిటీ మీరు పెట్టుకోవచ్చు. రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు. మీ సీనియర్లకు ఈ సంగతి చెప్పండి, కోపంగా కాదు, మామూలుగా.

ఢిల్లీలో 1994లో ఇండియన్ విమెన్స్ ప్రెస్ కోర్ వచ్చింది. మొదటి అధ్యక్షురాలు జర్నలిస్టు మృణాల్ పాండే. విండ్సర్ ప్లేస్‌లోని 5వ నంబరు బంగళా వాళ్ల చిరునామా. వాళ్లు అడిగింది ముఖ్యంగా ఒక చోటు. రెండు అసైన్‌మెంట్ల మధ్య కూర్చుని కాపీ రాసుకోవడానికి, మంత్రినో అధికారినో పిలిచి ప్రశ్నలడగడానికి, ఎవరూ ఎగాదిగా చూడకుండా ఒక కాఫీ తాగడానికి. పైకి చిన్న కోరికే. కానీ ఆ చోటు ఉండబట్టే పెద్ద పెద్ద నాయకులు అక్కడికొచ్చి మాట్లాడారు, ఆడ విలేకరులకు నేరుగా వార్తలు దొరికాయి.

మీకు అన్నిటికంటే నచ్చేది 2002 జనవరిలో ఢిల్లీలో మొదలైన నెట్‌వర్క్ ఆఫ్ విమెన్ ఇన్ మీడియా. అమ్ము జోసెఫ్, కల్పనా శర్మ లాంటి సీనియర్లు దీని వెనుక ఉన్నారు. దీనికి ఢిల్లీ క్లబ్బు మాదిరి బంగళా లేదు, అధ్యక్షురాలు, ప్రధాన కార్యదర్శి అనే మెట్లూ లేవు. ఊరూరా స్థానిక బృందాలు, అందరినీ కలిపే ఈమెయిల్ జాబితా, ఏడాదికోసారి ఒక్కో నగరంలో సమావేశం, అంతే. ఎక్కడో ఒక చిన్న పత్రికలో పనిచేసే అమ్మాయి రాత్రి పదింటికి సమస్య రాస్తే, తెల్లారేసరికి నాలుగు రాష్ట్రాల నుంచి జవాబులు వచ్చేవి. 2018లో మీ టూ (నాకూ జరిగింది) అంటూ వేధింపుల మాటలు బయటికొచ్చినప్పుడు నోరు విప్పినవాళ్ల పక్కన నిలబడగలిగారంటే, పదహారేళ్లుగా ఒకరినొకరు ఎరిగి ఉండటమే కారణం. ఆపద వచ్చాక సంఘం పెట్టుకుంటే ఆలస్యమైపోతుంది.

ఇక మన వైపు. తెలుగులో ఆడవాళ్ల రాతకు పునాది వేసింది పత్రికలే. 1902లో మొదలైన హిందూసుందరిని పెట్టింది సత్తిరాజు సీతారామయ్య అయినా, కొద్దికాలానికే సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపటి శాంతాబాయమ్మల చేతికి వచ్చింది. కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ సావిత్రి నడిపింది. మీ ప్రకాశం జిల్లాకూ ఇందులో భాగముంది. 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి పత్రిక తెచ్చిన డాక్టర్ కె.ఎన్. కేసరి మీ ఇనమనమెళ్లూరు బిడ్డే. ఒంగోలు నుంచి ఆ ఊరు ఎంత దూరం! ఎప్పుడైనా ఆ పక్కకు కవరేజ్‌కు పోతే ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి. నెల్లూరులో పొణకా కనకమ్మ 1923లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. మా తరంలో నెల్లూరులో కలం పట్టిన ఆడవాళ్లలో చాలామంది అక్షరం దిద్దింది ఆ బడిలోనే.

కానీ ఆ పత్రికల్లో రాసినవాళ్లు రచయిత్రులు, సంపాదకులు. ఊళ్లు తిరిగే ఆడ విలేకరి అనే మనిషి మన జిల్లాలకు చాలా ఆలస్యంగా వచ్చింది. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, మండలానికో విలేకరి కావాల్సొచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లలో సారా వ్యతిరేక ఉద్యమం వచ్చింది. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత క్లాసుల్లో పాఠం చదువుకున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందుండగా, సారా కొట్టు మూయించారు. అక్కడి నుంచి అది జిల్లా మొత్తం పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి, ఈనాడు ఆ ఉద్యమానికే ఒక పేజీ కేటాయించింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

నేను పెన్ను పట్టింది ఆ రోజుల్లోనే. కావలి పక్క ఒక పల్లెకు మా సెంటర్ విలేకరి అన్న వెంట వెళ్లాను. ఆయన మంచి మనిషి, ఓపికగా ప్రశ్నలడిగాడు. ఆడవాళ్లు లెక్కలు చెప్పారు: రోజుకు ఎన్ని ప్యాకెట్లు తాగుతాడు, కూలి ఎంత, ఇంటికి ఎంత మిగులుతుంది. ఆయన రాసుకుని స్కూటర్ దగ్గరకు పోయాడు. నేను చెప్పులు వేసుకుంటుంటే ఒకామె నా చెయ్యి పట్టుకుని పంచ పక్కకు తీసుకుపోయింది. జాకెట్టు భుజం దగ్గర కొంచెం జరిపి చూపించింది. కమిలి నల్లబడిన మచ్చ, దాని మీద ఇంకో కొత్తది. "ఆ అబ్బయ్యకు చెప్పలేదమ్మా, నువ్వు రాసుకో, పేరు మాత్రం పెట్టొద్దు" అంది. ఆ వార్త నా మొదటి వార్త. బైలైన్, అంటే వార్త మీద నా పేరు, రాలేదు, కంట్రిబ్యూటర్లకు బైలైన్ ఇచ్చే రోజులు కావవి. కానీ ఒక ఉద్యమం మొత్తం ఆడవాళ్లదై ఉండి, దాన్ని రాసే వాళ్లలో ఆడమనిషి దాదాపు లేదన్న సంగతి ఆ రోజు నాకు బోధపడింది. సగం వార్త పంచ పక్కనే ఉండిపోతోంది. మీరు తొమ్మిది మంది కలవడం మీ బాగు కోసం మాత్రమే కాదనేది ఇందుకే.

ఇదే సంగతి మన పక్క చిత్తూరు జిల్లాలో 2001లో నిరూపణైంది. వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం కింద పల్లె ఆడవాళ్లే విలేకరులుగా నవోదయం అనే పత్రిక నడిపారు. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో ఖబర్ లహరియా ఇట్టాగే మొదలై ఇప్పటికీ నడుస్తోంది. పల్లె ఆడవాళ్లకు ఇది చేతకాదని ఎవరైనా అంటే ఈ రెండు పేర్లు చెప్పండి.

ఇప్పుడు మా కథ. నేను నెల్లూరు వచ్చాక పనిచేసిన ఆఫీసు పేరు ఇక్కడ అక్కర్లేదు. మేడ మీద రెండు గదులు, ఒక హాలు. ఆడవాళ్లకు బాత్రూం లేదు. ఉన్నదొక్కటే, దాని తలుపుకు గడియ పడదు. సాయంత్రం నాలుగుకు పోతే పేజీలు వెళ్లేది రాత్రి పదకొండుకు. నేను మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడం మానేసేదాన్ని. తప్పనప్పుడు రెండు వీధుల అవతల ఒక ప్లీడరు గారింటికి పోయేదాన్ని. ఆయన భార్య దొడ్డి తాళం చెవి కిటికీ ఊచకు తగిలించి ఉంచేది. ఆ తల్లిని ఈ జన్మకు మరువను.

ఒక ఆదివారం వేరు వేరు పత్రికల్లో, ఛానెళ్లలో చేసే ఐదుగురం ఒకరింట్లో కలిశాం. చేపల పులుసు కోసమే కలిశాం, సంఘం ఆలోచన లేదు. మాటల్లో ఒకామె, మళ్లీ యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది, మందులు వాడుతున్నా అంది. నాకూ అంతే అంది ఇంకొకామె. లెక్కేసుకుంటే ఐదుగురిలో నలుగురం. అప్పటిదాకా ఎవరికి వాళ్లం అది మా ఒంటి తత్వం, వేడి చేసింది అనుకుంటున్నాం. మజ్జిగ తాగుతున్నాం, సబ్జా గింజలు నానబెట్టుకుంటున్నాం. ఆ రోజు అర్థమైంది, జబ్బు మా ఒంట్లో లేదు, ఆఫీసులో ఉంది. నన్నడిగితే మా సంఘం పుట్టింది ఆ నిమిషాన.

ఎవరి ఆఫీసుకు వాళ్లు ఒంటరిగా అడగకుండా, ఒకే మాదిరి అర్జీ రాసి ఐదు ఆఫీసుల్లో ఒకే రోజు ఇచ్చాం. మా ఆఫీసులో రెండు నెలల్లో గడియ, నీళ్లు, లైటు ఉన్న బాత్రూం వచ్చింది. మాదానితో కలిపి రెండు చోట్ల వచ్చింది, రెండు చోట్ల ఆలస్యమైంది, ఒకచోట రాలేదు.

ఆ తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. దాంట్లో రాసేది మూడే. రాత్రి కవరేజ్‌కు ఎవరు ఎక్కడికి పోతున్నారు, ఎప్పుడు ఇల్లు చేరారు, ఎవరికి ఎన్ని నెలల లైన్ అకౌంట్ (అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే డబ్బు) బాకీ. పోయే ముందు ఒక నంబరుకు ఫోన్, చేరాక మళ్లీ ఫోన్. బారాషహీద్ దర్గా రొట్టెల పండగ రాత్రుల్లో, తుపాను రోజుల్లో ఆ పుస్తకం మాకు ఇంటి పెద్ద లాంటిది. బాకీల పట్టిక అయితే ఇంకా పనికొచ్చింది. "నీ ఒక్కదానికే లేటైంది" అని ప్రతి ఒక్కరికీ చెబుతున్నారని ఆ పేజీ చూస్తేనే తెలిసింది.

మరి ఎందుకు చెదిరింది? పేరు పెట్టుకున్నాక చెదిరింది. రిజిస్టర్ చేద్దామన్నారు, అధ్యక్షురాలు ఎవరన్నారు, అక్రిడిటేషన్ కార్డుల (విలేకరులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుల) కోసం ఎవరి లెటర్‌హెడ్ మీద రాయాలన్నారు. ఆరు నెలల్లో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. నోట్‌బుక్‌లో చివరి పేజీలు ఖాళీ. తప్పు ఒకరిది కాదు, నాదీ ఉంది. పని కంటే పదవి ముందుకొచ్చిన రోజే నేను అడ్డం చెప్పి ఉండాల్సింది, మొహమాటపడ్డాను.

అందుకని మీకు చెప్పేది: ముందు ఆరు నెలలు పేరు లేకుండా పని చేయండి. తర్వాత రిజిస్ట్రేషన్ కావాలనుకుంటే అది కష్టమైన పనేం కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు ఉంటే చాలు, మీరు తొమ్మిది మంది ఉన్నారు. మెమొరాండం, నిబంధనలు రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. నిబంధనల్లో ఒక ముక్క తప్పకుండా రాయించండి: అధ్యక్ష పదవి ఏడాదికి మించి ఒకరి దగ్గర ఉండకూడదు, ఒకసారి ఆ పదవి చేసినవాళ్లు వెంటనే మళ్లీ పోటీ చేయకూడదు. నెట్‌వర్క్ వాళ్లు మెట్లు లేకుండా ఇరవై ఏళ్లు దాటి నిలబడ్డారు, మేం మెట్లు కట్టుకుని ఆరు నెలల్లో జారిపడ్డాం.

రెండోది, 2013లో వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం గురించి తొమ్మిది మందికీ కంఠతా రావాలి. కంట్రిబ్యూటర్ ఉద్యోగి కాదు కదా, మనకు వర్తించదు అని చాలామంది అనుకుంటారు. పొరపాటు. ఆ చట్టంలో ఉద్యోగి అంటే కాంట్రాక్టు మనిషి, రోజుకూలి, జీతం లేకుండా చేసే మనిషి కూడా. పనిచోటు అంటే ఆఫీసు ఒక్కటే కాదు, పని మీద వెళ్లిన ప్రతి చోటూ, ఆఫీసు ఇచ్చిన బండీ కూడా. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, శాఖలుంటే శాఖశాఖకూ ఉండాలి. దానికి ఒక మహిళా సీనియర్ అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి సంస్థ నుంచి ఒకరు. కమిటీ పెట్టని యాజమాన్యానికి 50,000 రూపాయల దాకా జరిమానా. మన జిల్లా ఆఫీసుల్లో చాలావాటిలో పది మంది ఉండరు. అట్టాంటప్పుడు, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి పోవచ్చు. ఫిర్యాదు రాతపూర్వకంగా మూడు నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో పూర్తి చేయాలి. మీ జిల్లా స్థానిక కమిటీలో ఎవరున్నారో ఈ వారమే కలెక్టరేట్‌లో అడిగి రాసిపెట్టుకోండి. అవసరం వచ్చిన రోజు వెతుక్కుంటే చేతులు వణుకుతాయి.

యూనియన్ సభ్యత్వం మాత్రం వదులుకోవద్దు. జీతాలు, బీమా, దాడులు జరిగినప్పుడు కేసులు, వీటికి యూనియన్ బలం కావాలి. బొంబాయి వాళ్ల మాదిరి లోపల ఒక కమిటీ అడగండి. ఇస్తే అందులో, ఇవ్వకపోతే బయట, మీ నోట్‌బుక్ మాత్రం నడవాలి.

ఒంగోలులో తొమ్మిది మంది అంటున్నారు. కందుకూరును 2022లో మా జిల్లాలో కలిపారు, ఇప్పుడు ఏ జిల్లా లెక్కలో ఉన్నా సరే, అక్కడ ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు, వాళ్లను మీ లెక్కలో వేసుకోండి. వార్తకు జిల్లా హద్దు ఉంటుంది గానీ తోడుకు ఉండదు. మొదటి సమావేశం కావలిలో పెట్టుకుంటే నెల్లూరుకూ ఒంగోలుకూ ఇంచుమించు మధ్యలో ఉంటుంది, రైలు స్టేషన్ దగ్గర, సాయంత్రానికి అందరూ ఇల్లు చేరొచ్చు. మా ఇల్లు ఉంది. ఎవరికి ఎన్ని నెలల లైన్ అకౌంట్ రావాలో కాగితం మీద రాసుకుని రండి. మా పాత లాంగ్ నోట్‌బుక్ బీరువాలో భద్రంగా ఉంది, చివర్లో నలభై పేజీల దాకా ఖాళీగా ఉన్నాయి. అక్కడి నుంచే రాయడం మొదలుపెట్టొచ్చు.